ఇంటి భాష తెలిసిన స్పీచ్ థెరపిస్టులు మన బడులకు ఎందుకు కావాలి?



ప్రతి ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసేటప్పుడు మాకు కొన్ని కోర్సుల పేర్లే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఇంజనీరింగ్, ఫార్మసీ, నర్సింగ్, డిగ్రీ, అక్కడక్కడ ఎం.బి.బి.ఎస్. స్పీచ్ థెరపీ చదువుతామని అడిగేవారు చాలా అరుదు. మరోవైపు, "మా బాబుకు మూడేళ్ళు దాటినా మాటలు రావడం లేదు, ఎవరికి చూపించాలి?" అని అడిగే తల్లులు మాత్రం తక్కువేమీ కాదు. ఈ రెండు విషయాలకూ దగ్గరి సంబంధం ఉంది. దాన్ని మీకు వివరించడానికే ఈ వ్యాసం.

స్పీచ్ థెరపిస్టు చేసే పని

నత్తి పోగొట్టడమే స్పీచ్ థెరపిస్టు పని అని చాలామంది అనుకుంటారు. అది అందులో ఒక భాగం మాత్రమే. మాటలు ఆలస్యమైన పిల్లలు, కొన్ని అక్షరాలు పలకలేని పిల్లలు, గ్రహణమొర్రి ఆపరేషన్ అయిన పిల్లలు, ఆటిజం ఉన్న పిల్లలు, వినికిడి యంత్రం పెట్టించుకున్నాక శబ్దాలను గుర్తుపట్టడం నేర్చుకోవలసిన పిల్లలు, వీరందరికీ ఆ సేవ అవసరం. మాటలు స్పష్టంగానే వచ్చినా, వాక్యం అర్థం చేసుకోలేక, జరిగినది వరుసగా చెప్పలేక ఇబ్బంది పడే పిల్లలు కూడా ఉంటారు. బడిలో వీళ్ళకు "మొద్దు" అనే పేరు తొందరగా వస్తుంది. అల్లరి చేసే పిల్లవాడు టీచరు కంట పడతాడు. మాట్లాడలేని పిల్లవాడు వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చుంటాడు, పై తరగతికి వెళ్ళిపోతాడు. అందుకే ఈ సేవ ఆస్పత్రిలో ఉంటే సరిపోదు, బడి దాకా రావాలి.

తేడా వేరు, లోపం వేరు

ఇక్కడే భాష విషయం వస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలా ముస్లిం ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. దూదేకుల కుటుంబాల్లో ఎక్కువమందికి ఇంటి భాష తెలుగే. బడిలో తెలుగు, ఇంగ్లీషు, లేదంటే పుస్తకాల ఉర్దూ. పిల్లవాడు రెండు మూడు భాషల మధ్య పెరుగుతాడు.

దక్కనీ మాట్లాడే పిల్లవాడు ఉర్దూ 'ఖాఫ్' అక్షరాన్ని గొంతు లోపలి నుంచి పలకడు, 'ఖ' అనే పలుకుతాడు. కలానికి 'ఖలమ్' అంటాడు. 'లోగ్' అనడానికి బదులు 'లోగాఁ' అంటాడు, 'కితాబేఁ' అనడానికి బదులు 'కితాబాఁ' అంటాడు. ఉర్దూలో 'ళ', 'ణ' లేవు కాబట్టి తెలుగు క్లాసులో 'నీళ్ళు' అనే మాట అతని నోట 'నీల్లు' అవుతుంది. ఇవేవీ జబ్బులు కావు. అతని ఇంట్లో అమ్మీ, అబ్బా, నానీమా అందరూ అలాగే మాట్లాడతారు. ఈ సంగతి తెలియనివారు పరీక్షిస్తే ఉచ్చారణ లోపమనీ, వ్యాకరణ లోపమనీ కాగితం మీద రాసేస్తారు. అవసరం లేని పిల్లవాడికి ముద్ర పడుతుంది.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. నిజంగా లోపం ఉన్న పిల్లవాడి గురించి కూడా "ఉర్దూ పిల్లవాడు కదా, తెలుగు మెల్లగా వస్తుందిలే" అని ఊరుకుంటారు. ఆ పిల్లవాడికి అసలు సగం శబ్దాలు వినపడకపోతుండవచ్చు. మాట నేర్చుకోవడానికి అనువైన తొలి సంవత్సరాలు అలా గడిచిపోతాయి, తరువాత వాటిని వెనక్కి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక ముఖ్యమైన గుర్తు ఉంది. నిజమైన భాషా లోపమైతే అది పిల్లవాడు మాట్లాడే అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. బడి భాషలో మాత్రమే తడబడుతూ, ఇంటి భాషలో గలగలా కబుర్లు చెబుతుంటే అది లోపం కాదు, కొత్త భాష నేర్చుకునే దశ. అయితే ఇది తేల్చాలంటే ఇంటి భాషలో అతనితో ఆడాలి, కథ చెప్పించుకోవాలి. ఇదే వయసులో వాళ్ళ అక్క, అన్న ఎలా మాట్లాడేవారని తల్లిని అడగాలి. ఆ తల్లి సంకోచం లేకుండా జవాబు చెప్పాలి. పుస్తకాల్లో దొరికే పరీక్షలతో మాత్రమే ఈ పని జరగదు.

మరో మాట కూడా చెప్పాలి. మాటలు ఆలస్యమైతే "ఇంట్లో ఉర్దూ మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడండి" అనే సలహా మన తల్లులకు తరచుగా ఎదురవుతుంది. రెండు భాషలు వినడం వల్ల భాషా లోపం రాదు, ఇంటి భాష మానేస్తే అది నయం కాదు. ఇంగ్లీషు సరిగ్గా రాని తల్లి ఈ సలహా పాటిస్తే పిల్లవాడితో మాట్లాడడమే తగ్గించేస్తుంది. ఆ పిల్లవాడికి అన్నిటికంటే అవసరమైనది, అంటే అమ్మ మాట, అతనికి దూరమవుతుంది.

అమెరికా అనుభవం

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1970లో 'డయానా కేసు' పేరుతో ప్రసిద్ధమైన వ్యాజ్యం నడిచింది. ఇంటి భాష స్పానిష్ అయిన 9 మంది పిల్లలను ఇంగ్లీషులో పెట్టిన పరీక్ష ఆధారంగా బుద్ధిమాంద్యం ఉన్నవారి తరగతుల్లో వేశారు. వారి భాషలో మళ్ళీ పరీక్షిస్తే ఎక్కువమంది ఆ తరగతికి చెందనివారని తేలింది. పిల్లలను ఇంటి భాషలో పరీక్షించాలని ఆ కేసులో ఒప్పందం కుదిరింది. 1975లో వచ్చిన జాతీయ చట్టంలో కూడా ఆ సూత్రం చేరింది.

అయితే చట్టం వచ్చినంత మాత్రాన ఆ భాష తెలిసిన మనుషులు రారు. అక్కడి స్పీచ్ థెరపిస్టుల్లో సగానికి పైగా బడుల్లో పనిచేస్తున్నా, ఈనాటికీ పదిమందిలో సుమారు తొమ్మిదిమంది శ్వేతజాతీయులే. ఇంగ్లీషు తప్ప మరో భాషలో చికిత్స చేయగలవారు కొద్దిమంది. అందుకే అక్కడి ప్రభుత్వం ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సేవ చేసేవారిని తయారుచేయడానికి విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లు ఇస్తుంది. ఆ సొమ్ముతో చదివినవారు ఒక్కో సంవత్సరం సహాయానికి రెండేసి సంవత్సరాలు ఆ రంగంలో సేవ చేయాలి, లేకపోతే సొమ్ము తిరిగి కట్టాలి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు కూడా ఇంటి భాష తెలిసినవారి అవసరం ఇలాంటిదే. ఈ సేవా షరతు మాకు బాగా నచ్చింది. కారణం కింద చెబుతాము.

మన చట్టాలు, మన బడులు

మన దేశంలోనూ చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మాట, భాష లోపం ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను పరీక్షించి జిల్లా కేంద్రానికి పంపుతారు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో సహిత విద్య రిసోర్స్ పర్సన్లు పనిచేస్తారు. అవసరమైన పిల్లల తల్లిదండ్రులు ముందుగా ఈ సేవలను ఉపయోగించుకోవాలని మా మనవి, ఇవి ఉచితం. కాని స్పీచ్ థెరపిస్టు ప్రతి కేంద్రంలో ఉండరు. ఉన్నచోట కూడా పిల్లవాడి ఇంటి భాష తెలిసినవారు దొరకడం అదృష్టమే.

ఆ చదువు ఎలా ఉంటుంది?

ఈ వృత్తికి డిగ్రీ బి.ఏ.ఎస్.ఎల్.పి. ఇంటర్మీడియట్ సైన్సు తరువాత నాలుగేళ్ళ కోర్సు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తరువాత 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకోవాలి. పై చదువు కావాలంటే రెండేళ్ళ ఎం.ఎస్సీ. ఉంది. సహాయకులుగా పనిచేయాలనుకునేవారికి ఏడాది డిప్లొమా కూడా ఉంది.

మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో పేరెన్నికగన్నది. ముంబయిలో 1983లో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు మన సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పేరు మనకు కొత్తది కాదు. ఆయన హైదరాబాదీ. ఉస్మానియాకూ, అలీగఢ్‌కూ వైస్ ఛాన్సలర్‌గా, ఆ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. మాట, వినికిడి లోపాలున్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు మన నగరవాసి పేరు ఉంది. ఆ చదువుకు మన పిల్లలు మాత్రం వెళ్ళడం లేదు.

ఎక్కడ ఆగిపోతున్నారు?

మొదటిది, ఇలాంటి కోర్సు ఉందని తెలియకపోవడం. పదో తరగతి తరువాత సైన్సు గ్రూపు తీసుకోకపోతే ఆ దారి అక్కడే మూసుకుపోతుంది. రెండోది, కోర్సు మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో చదివిన అమ్మాయి మొదటి ఏడాదే బెదిరిపోతుంది. మూడోది, ఊరు దాటి హాస్టల్లో ఉండాలి. తండ్రి వెనకాడతాడు, ఆటో నడిపేవాడికి నాలుగేళ్ళ ఖర్చు భరించే శక్తీ ఉండదు. నాలుగోది, డిగ్రీ అయ్యాక బడిలో వచ్చే జీతం కంటే నగరంలో ప్రైవేటు క్లినిక్ జీతం మేలుగా కనిపిస్తుంది. అందులో తప్పు పట్టడానికి లేదు. కాని అప్పుడు మన బడి మొదట ఉన్నచోటే మిగిలిపోతుంది. సేవా షరతు మాకు నచ్చిందని పైన చెప్పింది ఇందుకే.

మేము అనుకుంటున్నది

ఒకటి, పదో తరగతి పిల్లలకూ తల్లిదండ్రులకూ ఈ వృత్తి గురించి సమావేశాల్లో చెప్పడం. రెండు, సైన్సు గ్రూపు చదివే పిల్లలకు ప్రవేశ పరీక్ష శిక్షణ, ఇంగ్లీషు తరగతులు ఏర్పాటు చేయడం. మూడు, ఎంపికైనవారికి ఫీజు, హాస్టల్, పుస్తకాలు, ప్రయాణం, చివరికి రిజిస్ట్రేషన్ దాకా నాలుగేళ్ళూ ఆగకుండా సహాయం చేయడం. నాలుగు, సహాయం పొందినవారు చదువు అయ్యాక కొన్నేళ్ళపాటు వారంలో నిర్ణీత రోజులు మనం సూచించిన బడుల్లో పనిచేయడం. వారంలో మిగిలిన రోజులు తమ సంపాదన తాము చూసుకోవచ్చు.

ఈ సహాయం మన సముదాయానికే పరిమితం కాకూడదని మా అభిప్రాయం. తండాలో గోర్ బోలీ మాట్లాడే పిల్లవాడికీ, ఏజెన్సీలో కోయ మాట్లాడే పిల్లవాడికీ ఇదే కష్టం. ఆ ఇళ్ళ నుంచి వచ్చిన అమ్మాయి దరఖాస్తు చేస్తే ఆమెకూ చోటు ఉండాలి. ఒక్క మనిషికి అన్ని భాషలూ రావు. వేర్వేరు ఇళ్ళ నుంచి వచ్చినవారు ఒకే జట్టుగా పనిచేస్తే ఒకరికి రాని భాష మరొకరికి వస్తుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. వినికిడి యంత్రాలు పంచితే ఆ రోజే ఫొటో వస్తుంది. గది కట్టిస్తే గోడ మీద పేరు వస్తుంది. ఒక అమ్మాయి చదువుకు నాలుగేళ్ళు సొమ్ము ఇస్తే ఆ నాలుగేళ్ళలో చూపించడానికి ఏమీ ఉండదు. మధ్యలో రెండో ఏడాది సహాయం ఆగిపోతే మొదటి ఏడాది ఇచ్చింది కూడా వృథా అవుతుంది. అందుకే ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చేవారికంటే, నాలుగేళ్ళపాటు మాట నిలబెట్టుకునే దాతలు ఈ పనికి ఎక్కువ అవసరం. నలుగురైదుగురు కలిసి ఒక విద్యార్థి బాధ్యత తీసుకున్నా చాలు.

యంత్రాలు వద్దని మేము అనడం లేదు. యంత్రం పెట్టాక పిల్లవాడికి వినడం నేర్పే మనిషి లేకపోతే అది పెట్టెలోనే ఉండిపోతుంది. డబ్బు ఇవ్వలేనివారు కూడా ఒక పని చేయవచ్చు. మీ వీధిలో ఈ ఏడాది పదో తరగతి పాసైన, చిన్నపిల్లలతో ఓపికగా ఉండే అమ్మాయో అబ్బాయో ఉంటే, ఇలాంటి చదువు ఒకటి ఉందని వాళ్ళ తల్లిదండ్రులకు చెప్పండి. మా కార్యాలయానికి తీసుకురండి. మిగతా సంగతులు కూర్చుని మాట్లాడుకుందాం.