పాలనా వ్యవస్థను చేరువ నుంచి చూసే అవకాశం: రాజధాని కార్యాలయాలలో విద్యార్థుల ఇంటర్న్‌షిప్

హైదరాబాద్ (ప్రత్యేక వ్యాసం): చట్టం శాసనసభలో రూపుదిద్దుకుంటుంది, అది ప్రజలకు చేరేది మాత్రం కార్యాలయపు బల్ల మీదుగానే. ఈ రెంటి మధ్య జరిగే పనిని విద్యార్థి దశలోనే ప్రత్యక్షంగా పరిశీలించేందుకు వీలు కల్పించేదే ప్రభుత్వ కార్యాలయాలలోని ఇంటర్న్‌షిప్. జాతీయ విద్యా విధానం-2020 అనంతరం ఇది డిగ్రీ చదువులో అంతర్భాగమైనది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం పాఠ్యప్రణాళిక మేరకు డిగ్రీ విద్యార్థులు నాలుగో సెమిస్టరు తరువాత 60 నుంచి 120 గంటల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయవలసి ఉన్నది. ఈ నేపథ్యంలో శిక్షణకు వచ్చే విద్యార్థికి ఏ పని అప్పగించాలి, ఏ సమాచారం చూపవచ్చు, అతని శ్రమ కార్యాలయానికి ఏ విధంగా ఉపయోగపడాలి అన్న అంశాలను అధికారులు, పాత్రికేయుల అవగాహన కోసం ఈ వ్యాసంలో వివరించడమైనది.

అనుకూలమైన రాజధాని

పరిపాలనను అధ్యయనం చేసే సంస్థలు హైదరాబాదులో పెద్ద సంఖ్యలో ఉన్నవి. అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1956లోను, ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం 1980లోను, సుపరిపాలన కేంద్రం 2001లోను నెలకొన్నవి. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, జూబ్లీహిల్స్‌లో డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ పనిచేస్తున్నవి. నగరపు పడమటి అంచున ఉన్న ఖాజాగూడకు సమీపంలోనే గచ్చిబౌలి ఉన్నది. అక్కడ 1974లో స్థాపితమైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో ఆరంభమైన ట్రిపుల్ ఐటీ, 2001లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ ఉన్నవి. అనగా అధ్యయనం చేసే విద్యార్థి, అధ్యయనం చేయవలసిన సమస్య ఒకే చోట ఉన్నారని భావించవచ్చు.

ఖాజాగూడ ఒక పాఠం

ఒకప్పుడు గ్రామమైన ఖాజాగూడ నేడు ఐటీ కారిడార్‌లో భాగం. ఒకవైపు ఫక్రుద్దీన్ గుట్టగా పేరొందిన పురాతన శిలాసముదాయం, మరొకవైపు చెరువు, వాటి చుట్టూ బహుళ అంతస్తుల భవనాలు కనిపిస్తాయి. శేరిలింగంపల్లి మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైనది. ఐటీ ప్రాంత ప్రణాళిక కోసం 2001లో ఏర్పడిన సైబరాబాద్ అభివృద్ధి ప్రాధికార సంస్థ 2008లో హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థలో కలిసినది. సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ 2003లో ఏర్పడినది. చెరువులు, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణ బాధ్యతతో హైడ్రా 2024 జూలైలో ఏర్పాటైనది.

ఇంటర్న్‌గా చేరిన విద్యార్థికి ఈ ప్రాంతంలోని ఒక చెరువుకు సంబంధించిన దస్త్రం ఇచ్చినచో పాలన అంటే ఏమిటో కొద్ది రోజులలోనే బోధపడగలదు. భూమి రికార్డులు రెవెన్యూ శాఖ వద్ద ఉంటాయి. పూర్తి నీటిమట్టం హద్దును నిర్ధారించడంలో నీటిపారుదల, రెవెన్యూ శాఖలతోపాటు మహానగర అభివృద్ధి సంస్థకు పాత్ర ఉన్నది. భవన అనుమతి పురపాలక సంస్థ పని. మురుగునీటి పారుదల జలమండలి బాధ్యత. 2012 ఏప్రిల్ 7 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులకు 9 మీటర్లు ఖాళీగా విడువవలసి ఉన్నది. నిబంధన ఒక్క వాక్యమే అయినప్పటికీ దాని అమలుకు నాలుగైదు కార్యాలయాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడువవలసినదే. పాఠ్యపుస్తకాలలో ‘శాఖల మధ్య సమన్వయం’ అన్న రెండు మూడు మాటలతో ముగిసే విషయం విద్యార్థికి ఇక్కడ పటంగా, సర్వే నంబరుగా, తేదీగా దర్శనమిస్తుంది.

అమలులోనికి వచ్చిన పథకాలు

నీతి ఆయోగ్ పథకం క్రింద డిగ్రీ రెండో సంవత్సరం పూర్తిచేసిన వారు, స్నాతకోత్తర విద్యార్థులు, పరిశోధకులు ఆరు వారాల నుంచి ఆరు నెలల వరకు పనిచేయవచ్చు. దీనికి పారితోషికం ఉండదు. నివేదిక సమర్పించిన అనంతరం ధ్రువపత్రం లభిస్తుంది. నగరపాలక సంస్థలు, స్మార్ట్ సిటీలలో కొత్త పట్టభద్రులకు ఎనిమిది వారాల నుంచి ఏడాది వరకు అవకాశం కల్పించే ‘తులిప్’ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 4న ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసి, మొదటి విడతగా సామాజిక సేవా ప్రాజెక్టును నిర్దేశించడం జరిగినది.

ఇంటర్న్‌కు, అప్రెంటిస్‌కు గల తేడాను కూడా గమనించవలసి ఉన్నది. అప్రెంటిస్‌లకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం వర్తిస్తుంది. ఒప్పందం, స్టైపెండ్, శిక్షణ కాలం ఆ చట్టం ద్వారా నిర్ణయమవుతాయి. ఇంటర్న్‌కు ఆ రక్షణ లేదు. ఆయా సంస్థల మార్గదర్శకాలే అతనికి ఆధారం. కనుక పని పరిధిని, కాలవ్యవధిని, పర్యవేక్షకుని పేరును చేరిన రోజుననే లిఖితపూర్వకంగా తెలియజేయడం ఉభయులకు శ్రేయస్కరం.

కార్యాలయంలో విద్యార్థి అనుభవం

మొదటి వారం అయోమయంగా గడవడం సహజం. తపాలు, నోట్ ఫైలు, కరెంటు ఫైలు, మెమో, జి.ఓ. వంటి మాటలు ఏ తరగతిలోనూ బోధించబడవు. ఒక అర్జీ నమోదై, సెక్షన్‌కు చేరి, గుమాస్తా నోట్‌తో పైకి వెళ్ళి, అభ్యంతరంతో క్రిందికి వచ్చి, తిరిగి పైకి వెళ్ళడం చూసిన విద్యార్థి తొలుత దానిని జాప్యంగా భావిస్తాడు. మరి కొన్ని రోజులకు ప్రతి సంతకం ఒక బాధ్యత అనియు, నియమం తెలిసిన సీనియర్ సహాయకుని నోట్ మీదనే ఉన్నతాధికారి నిర్ణయం చాలా వరకు ఆధారపడుతుందనియు గ్రహిస్తాడు. అనవసరమైన జాప్యానికి, అవసరమైన పరిశీలనకు గల భేదాన్ని గుర్తించగలగడమే ఈ శిక్షణ ద్వారా లభించే ప్రధాన ప్రయోజనం.

అదే సమయంలో జిరాక్సు తీయించడం, అంకెలను కంప్యూటరులో ఎక్కించడం వంటి పనులతోనే ఇంటర్న్‌షిప్ ముగిసిన సందర్భాలు లేకపోలేదు. అటువంటప్పుడు విద్యార్థికి కాగితం మీద ధ్రువపత్రం మిగులుతుంది. కార్యాలయానికి ఏమీ మిగలదు. పర్యవేక్షించవలసిన అధికారికి సమయం లేకపోవడం ఇందుకు ప్రధాన కారణం.

సమాచార పరిధి

ఏ కాగితం చూపవచ్చునన్న సందేహం అధికారులకు తరచు కలుగుతుంది. సమాచార హక్కు చట్టం-2005లోని 4(1)(బి) సెక్షన్ క్రింద ప్రతి ప్రభుత్వ కార్యాలయం 17 అంశాలను స్వచ్ఛందంగా వెల్లడించవలసి ఉన్నది. కార్యాలయ విధులు, అధికారాలు, నిర్ణయ ప్రక్రియ, బడ్జెట్ ఇందులో ఉంటాయి. ఇంటర్న్ మొదట చదువవలసిన పత్రం ఇదే. ఎనిమిదో సెక్షన్ క్రింద మినహాయింపు పొందిన మంత్రివర్గ పత్రాల వంటివి, పౌరుల వ్యక్తిగత వివరాలు ఇంటర్న్‌కు అప్పగించరాదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం-2023 వచ్చిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైనది. లబ్ధిదారుల జాబితాతో పని చేయించవలసి వచ్చినచో పేర్లు, ఫోన్ నంబర్లు తొలగించి ఇవ్వడం సముచితం.

యువత పరిశీలనకు విలువ

యువకుల పరిశీలన పాలనను మార్చగలదనుటకు తెలుగునాట ఒక ఉదాహరణ ఉన్నది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌ను అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగినవి. 2009లో వాటి కోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడినది. కూలీల కుటుంబాలకు చెందిన చదువుకున్న యువతీ యువకులు శిక్షణ పొంది, మస్టర్ రోళ్ళతో ఇంటింటికీ వెళ్ళి, చెల్లింపులను సరిచూసి, తేలిన విషయాలను బహిరంగ సభలో చదివి వినిపించారు. వారు ఇంటర్నులు కారు. అయితే నిర్దిష్టమైన ప్రశ్న, చూడవలసిన రికార్డు, సమాధానం చెప్పవలసిన అధికారి – ఈ మూడూ ఉండుటచేతనే వారి శ్రమకు ఫలితం దక్కినది. ఇంటర్న్‌షిప్‌లకు కూడా ఈ మూడే ప్రాణం.

ఎవరికి అందుతున్నది?

ఆలోచించవలసిన మరో అంశం ఖర్చు. పారితోషికం లేని రెండు నెలల శిక్షణకు రాజధానిలో ఇల్లు ఉన్న విద్యార్థి సులభంగా రాగలడు. ఆదిలాబాద్ నుంచో, పాలమూరు నుంచో రావలసిన విద్యార్థిని హాస్టల్ రుసుము, భోజనం, బస్సు ఛార్జీలు భరించవలసి ఉంటుంది. ఐటీ కారిడార్‌లో అద్దెలు అధికం. ప్రభుత్వ పథకాలపై అధికంగా ఆధారపడే కుటుంబాల పిల్లలే ఆ పథకాలు రూపొందే గదులకు దూరంగా ఉండిపోవడం విధాన రూపకల్పనకు కూడా నష్టమే. కలెక్టరేట్, మండల పరిషత్, మున్సిపల్ కార్యాలయాలలోనే అవకాశాలు కల్పించడం, సెలవులలో సంక్షేమ వసతి గృహాలలో బస ఏర్పాటు చేయడం, ప్రయాణ ఖర్చు చెల్లించడం వంటి మార్గాలు పరిశీలింపదగినవి.

పాటింపదగిన అంశాలు

చేరిన రోజుననే ఒక నిర్దిష్టమైన ప్రశ్న అప్పగించడం. వారానికొకసారి అరగంటైనా పర్యవేక్షక అధికారి మాట్లాడడం. కనీసం ఒక రోజు క్షేత్ర పర్యటనకు తీసుకొనిపోవడం. చివర సమర్పించిన నివేదికకు ఫైలు నంబరు ఇచ్చి సంబంధిత సెక్షన్‌లో భద్రపరచడం అవసరం. వీటిలో చివరిది మిక్కిలి తేలికైనది, తరచు విస్మరించబడేది కూడా. నంబరు లేని నివేదిక విద్యార్థి వెళ్ళిన మరునాడే అదృశ్యమవుతుంది. నంబరు పడిన నివేదికను తరువాత వచ్చే అధికారి, తరువాత వచ్చే ఇంటర్న్ అక్కడి నుంచి కొనసాగించగలరు.

ఈ విద్యార్థులందరూ ప్రభుత్వోద్యోగులు కాకపోవచ్చు. కొందరు ఖాజాగూడ పరిసరాలలోని కంపెనీలలోనే స్థిరపడవచ్చు. అయినను తమ వీధిలోని చెరువు హద్దు ఏ కార్యాలయంలో, ఏ కాగితం మీద ఉన్నదో తెలిసిన పౌరుడు వేసే ప్రశ్న సూటిగా ఉంటుంది. అట్టి ప్రశ్నకు సమాధానమివ్వడం అధికారులకు కూడా సులభమవుతుంది.