అద్భుత డిస్కు కోసం ఆగకండి

పెళ్లి వీడియో, పిల్లల అన్నప్రాసన ఫొటోలు, అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజీలు... మీ ఇంట్లో ఇవన్నీ ఎక్కడున్నాయి? పాత ఫోన్లో కొన్ని, ల్యాప్‌టాప్‌లో కొన్ని, సొరుగులోని హార్డ్ డిస్కులో మరికొన్ని. సర్దుదామనుకునే లోపే ఓ వార్త వస్తుంది: జీవితమంతా పట్టే డిస్కు వచ్చేస్తోంది, వేల ఏళ్లు చెక్కుచెదరదు! అది వచ్చాక చూద్దాంలే అనిపిస్తుంది.

ఇలాంటి మాటలు కొత్తేమీ కాదు. అమెరికాలో బెల్ ల్యాబ్స్ నుంచి పుట్టిన ఇన్‌ఫేజ్ కంపెనీ, డిస్కు పైపొరలోనే కాక లోతంతటా లేజర్‌తో సమాచారం దాచే హోలోగ్రాఫిక్ పద్ధతిని నమ్ముకుంది. 300 గిగాబైట్ల డిస్కు 2006లోనే వస్తుందని చెప్పింది. గడువులు జరుగుతూ పోయి, చివరికి కంపెనీయే మూతపడింది. 2009లో జనరల్ ఎలక్ట్రిక్ సుమారు 100 డీవీడీల సరుకు పట్టే డిస్కు గురించి చెప్పింది. అదీ మన ఇళ్లకు రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అలాగని అన్నీ అబద్ధాలు కావు. 2019లో మైక్రోసాఫ్ట్ సూపర్‌మ్యాన్ సినిమాను అరచేతిలో పట్టే గాజు పలకలో దాచి చూపించింది. కానీ ల్యాబ్‌లో ఒకసారి రాయడం వేరు, ఆ యంత్రం మనం కొనగలిగే ధరకు దొరకడం వేరు. వేడి సాయంతో రాసే హార్డ్ డిస్కుల గురించి సీగేట్ 2000ల మొదట్నుంచీ చెబుతున్నా, 30 టెరాబైట్ల రకం వచ్చేసరికి 2024 అయింది. అదీ ముందు పెద్ద డేటా సెంటర్లకే.

ఈ ఆశనే సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్‌లో కారుచౌకగా అమ్మే '16 టెరాబైట్ల' పోర్టబుల్ డ్రైవ్‌లు చాలావరకు నకిలీవే. లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చూపిస్తుంది. అది నిండాక కొత్త ఫొటోలు ఎక్కినట్టే కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు.

మరి ఏం చేయాలి? నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం చాలు: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి దూరంగా. ల్యాప్‌టాప్‌లో ఒకటి, పేరున్న కంపెనీ హార్డ్ డిస్కులో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. ఈసారి ఇండియా వెళ్లినప్పుడు అమ్మవాళ్లింట్లో ఇంకో డిస్కు పెట్టి వస్తే మరీ మంచిది. ఏడాదికోసారి, సంక్రాంతికో ఉగాదికో, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. నాలుగైదేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చండి.

గాజు పలకలు వచ్చిన రోజున వాటిలోకి ఎక్కించుకుందాం. ఎక్కించడానికి అమ్మమ్మ గొంతు అప్పటికి మన దగ్గర ఉండాలి కదా!