విధవ పేరిట వెలసిన వ్యాపారము

ఫ్రాన్సు దేశమునుండి లోకమంతటికిని ఎగుమతియగు షాంపేను సీసాలలో ఒకదానిపై పసుపుపచ్చని చీటి యంటించియుండును. ఆ చీటిపై "వవ్ క్లికో" యని వ్రాసియుండును. "వవ్" అనగా ఆ భాషలో విధవ యని యర్థము. సోదరీమణులారా! శుభకార్యమునకు ఎదురురాగూడదని యే మాట పేరు చెప్పి మనవారు స్త్రీని తలుపుచాటున నిలిపిరో, ఆ మాటయే అచ్చట పెండ్లివిందులలో విప్పెడు సీసాపై మొట్టమొదట నిలిచియున్నది. మద్యపానము మంచిదా, చెడ్డదా యను చర్చకు నేనిచ్చట దిగను. నాకు కావలసినది సీసాలోని రసము కాదు, సీసాపైనున్న పేరు.

ఫ్రాన్సునకు ఈశాన్యమున షాంపేను సీమ గలదు. అందు రాన్సు నగరమున 1777వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీని బార్బ్ నికోల్ పోన్సార్దాన్ జన్మించెను. తండ్రి బట్టల వ్యాపారమున గడించినవాడు. తరువాత ఆ నగరమునకు మేయరు కూడ నయ్యెను. 1798లో ఆమెను ఫ్రాన్స్వా క్లికో యను యువకునకిచ్చి వివాహము చేసిరి. అత్తవారిదియు బట్టల వర్తకమే. దానితోపాటు కొంచెముగా ద్రాక్షమద్యమును అమ్ముచుండిరి. ఈ రెండవదానినే పెద్దది చేయవలెనని ఫ్రాన్స్వా యుత్సాహపడెను. కాని 1805వ సంవత్సరము అక్టోబరులో జ్వరము తగిలి యతడు మరణించెను. అప్పటికామె వయస్సు 27 ఏండ్లు. ఒడిలో ఆరేండ్ల కూతురు.

ఇచ్చట ఆ దేశపు చట్టమును గూర్చి చెప్పక తప్పదు. 1804లో నెపోలియను ప్రకటించిన ధర్మశాస్త్రము ప్రకారము వివాహిత భర్తకు విధేయురాలై యుండవలెను. అతని యనుమతి లేనిదే ఆస్తి నమ్మరాదు, కొనరాదు, ఒడంబడికపై సంతకము పెట్టరాదు. కన్యగానున్నపుడు తండ్రి చాటు, పెండ్లియైన పిమ్మట భర్త చాటు. భర్త గతించినచో మాత్రము ఆమె సంతకము ఆమెదగును. సౌభాగ్యమున్నంతకాలము లేని చేవ్రాలు అది పోయిన మరునాడు చేతికి వచ్చుట యెంత వింత! బార్బ్ నికోల్ ఆ సంతకమును వదలుకొనలేదు. వ్యాపారమును మూసివేయ నెంచిన మామగారిని ఒప్పించి, ఆయనచేతనే పెట్టుబడి పెట్టించెను. అలెగ్జాండ్రు ఫూర్నో యను అనుభవశాలితో నాలుగేండ్లు భాగస్వామ్యము నడచెను. యుద్ధములవలన ఓడలు కదలని కాలమది. 1810లో భాగస్వామి విడిపోగా ఆమె యొంటరిగా తన పేరిటనే దుకాణము నిలిపెను.

ఆమె చేసిన మేలైన పనిని వంటయింటివారు సులభముగా గ్రహింపగలరు. షాంపేనును సీసాలో పోసి బిరడా బిగించిన పిదప అది లోపల మరల పులియును. ఆ పులుపువలననే బుడగలు పుట్టును. కాని పులియజేసిన పదార్థము చచ్చి మడ్డియై మిగులును, రసమంతయు కలకబారును. మనము కాచిన నేతిని తేర్చి వేరొక గిన్నెలోనికి వంచినట్లు దానిని వేరొక సీసాలోనికి వంచినచో బుడగలన్నియు గాలిలో కలిసిపోవును. ఈ చిక్కుతో ఆ సీమలోని వర్తకులందరును తంటాలుపడుచుండిరి. 1816 ప్రాంతమున ఈమె ఒక బల్లకు రంధ్రములు తొలిపించి, సీసాలను తలక్రిందులుగా అందు నిలిపించెను. అది ఆమె యింటి వంటబల్లయే యని ప్రతీతి. దినదినము ఒక్కొక్క సీసాను కొంచెము త్రిప్పి కదలించుచుండగా కొన్ని వారములకు మడ్డియంతయు జారి బిరడాపై చేరెడిది. అంతట బిరడా ఊడదీసినచో లోపలి వాయువే మడ్డిని వెలికి చిమ్మును. తరిగినమేర క్రొత్తరసము పోసి మరల బిగింతురు. ఈ పద్ధతికి మెరుగులు దిద్దుటలో నేలమాళిగల పెత్తందారు ఆంత్వాన్ ముల్లరు ఆమెకు తోడ్పడెను. సీసాలను త్రిప్పు పనిని నేడు చాలచోట్ల యంత్రములు చేయుచున్నను, సూత్రము మాత్రము అదియే.

ధైర్యమునకును ఆమె వెనుదీయలేదు. 1814లో నెపోలియను పతనమైనపుడు రుషియాలో ఫ్రెంచి సీసామద్యముపై నిషేధ మింకను తొలగలేదు. తోడి వర్తకులు వేచియుండిరి. ఈమె తన ప్రతినిధి లూయీ బోన్ వెంట 10,550 సీసాలను రహస్యముగా ఓడలో కోనిగ్స్‌బర్గునకు పంపెను. అందున్నది ఆకాశమున తోకచుక్క కనిపించిన 1811వ సంవత్సరపు పంట. ఆ సరుకు మిక్కిలి హెచ్చు ధరలకు చెల్లిపోయెను. రుషియాలో ఆమె పేరు నిలిచిపోయెను. ఆ ఓడ దారిలో పట్టుబడియుండినచో ఈ కథ వ్రాయుటకు నాకు పనియే యుండెడిది కాదు.

ఒక విషయము మాత్రము నా మనస్సునకు కొరతగానే తోచును. కూతురు క్లెమాంతీనును ఆమె ఒక ప్రభువునకిచ్చి పెండ్లిచేసెనుగాని వ్యాపారపు గుమ్మము తొక్కనీయలేదు. 1831లో ఎదువార్ వెర్లె యను తన యుద్యోగిని భాగస్వామిగా చేర్చుకొనెను. 1866లో ఆమె కాలధర్మము నొందిన పిదప ఆ సంస్థ అతని వశమయ్యెను. తాను వైధవ్యమువలన సంపాదించినది కూతునకు సౌభాగ్యముతో ఈయ వీలులేదని తలచెనో యేమో!

ఆమె త్రొక్కిన బాటలో మరికొందరు విధవలు నడచిరి. 1858లో భర్తను గోల్పోయిన లూయీస్ పొమ్మెరీ, రాన్సునేలక్రింద ప్రాచీనులు త్రవ్విన సుద్దగనులను కలిపి మాళిగలు కట్టించెను. తీపి తగ్గించిన షాంపేనును 1874లో ఇంగ్లీషువారి రుచికై తయారుచేయించెను. 1941లో జర్మనుల యాక్రమణకాలమున లిలీ బొలాంజే భర్త పోగా ఇంటి వ్యాపారమును చేతబట్టి, పెట్రోలు దొరకని దినములలో సైకిలుపై తోటలు తిరిగి చూచుకొనెను. వీరందరికంటె పేరులేని స్త్రీలే యెక్కువమంది. తీగెలను కట్టెలకు కట్టుట తరతరములుగా ఆడకూలీల పని. 1914లో మగవారు యుద్ధమునకు పోగా, ఫిరంగులు మ్రోగుచుండగనే పంటకోసినవారు స్త్రీలును, ముసలివారును, పిల్లలును.

లిలీ బొలాంజే 1971 వరకు ఆ పెత్తనము నెరపెను. ఆమె తోటలో తీగెలు కట్టు వివాహితలు మాత్రము 1965 వరకు భర్త సమ్మతి లేక తమ పేర బ్యాంకిలో ఖాతా తెరువజాలకపోయిరి.