ఇంటికి అలారం: దొంగకు ఒక లెక్క, మంటకు మరో లెక్క

2019 మే 24న సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో తక్షశిల ఆర్కేడ్ అనే వాణిజ్య భవనంలో మంటలు చెలరేగాయి. పై అంతస్తులో కోచింగ్ తరగతులకు వచ్చిన విద్యార్థులకు మెట్ల దారి అందకుండా పోయింది. కొందరు ప్రాణాలు కాపాడుకోవడానికి పైనుంచి దూకారు. మొత్తం 22 మంది విద్యార్థులు చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల్లో ప్రాణాలు నిలిచేదీ పోయేదీ కొద్ది నిమిషాల తేడాలోనే. దారి పొగతో నిండకముందే సంగతి తెలిస్తే బయటపడవచ్చు. అగ్నిప్రమాద అలారం మంటను ఆర్పదు. అది ఇచ్చేది ఆ కొద్ది నిమిషాలనే.

సూరత్‌లో తెలుగువారు తక్కువేం కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. పండక్కో పెళ్లికో సొంతూరు వెళితే ఇల్లు రోజుల తరబడి తాళం వేసి ఉంటుంది. కాబట్టి ముందుగా వచ్చే భయం దొంగల గురించే. కిటికీలకు, బాల్కనీకి ఇనుప గ్రిల్ బిగించి, తలుపుకు రెండు తాళాలు వేస్తాం. కానీ దొంగను లోపలికి రానివ్వని గ్రిల్, మంటలు లేచినప్పుడు మనల్ని బయటికి పోనివ్వదు. ఇంటికి అలారం పెట్టించుకునేవారు మొదట ఆలోచించాల్సింది ఇదే.

వ్యవస్థలో ఏముంటాయి?

ఇప్పుడు దొరికే చాలా అలారం వ్యవస్థలు దొంగతనం, అగ్నిప్రమాదం రెండింటినీ ఒకే పెట్టెకు కలుపుతాయి. దీన్ని కంట్రోల్ ప్యానెల్ అంటారు. సెన్సార్లు దీనికి సమాచారం పంపుతాయి. ప్యానెల్ సైరన్ మోగిస్తుంది, ఫోన్‌కు సందేశం పంపుతుంది. సెన్సార్లను ప్యానెల్‌లో వేర్వేరు జోన్లుగా విడదీస్తారు. దొంగల జోన్ మనం ఆన్ చేసినప్పుడే పనిచేస్తుంది. పొగ, గ్యాస్ జోన్ మాత్రం 24 గంటలూ మేలుకొని ఉండాలి. బిగించే వ్యక్తితో ఈ ఒక్క మాట తప్పకుండా ఖాయం చేసుకోండి: దొంగల అలారం ఆపేసినా పొగ అలారం ఆగకూడదు.

తలుపు దగ్గర అయస్కాంతం

తలుపు రెక్కకు చిన్న అయస్కాంతం, గుమ్మానికి రీడ్ స్విచ్ బిగిస్తారు. రీడ్ స్విచ్ అంటే గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరుంటే అవి కలిసి ఉంటాయి, కరెంటు ప్రవహిస్తుంది. తలుపు తెరిస్తే రేకులు విడిపోతాయి, ప్రవాహం ఆగుతుంది. ప్యానెల్ ఆ ఆగడాన్నే గుర్తిస్తుంది. దొంగ తీగ కత్తిరించినా ప్రవాహం ఆగుతుంది కాబట్టి అలారం మోగుతుంది.

మరి తీగ కత్తిరించకుండా రెండు తీగలనూ కలిపేస్తే? అందుకే తీగ చివర ఒక రెసిస్టర్ పెడతారు. ప్యానెల్ ఎప్పుడూ ఆ నిర్ణీత నిరోధాన్ని చూస్తూ ఉంటుంది. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, కలిపేస్తే దాదాపు సున్నా అవుతుంది. రెండింటిలో ఏది జరిగినా ప్యానెల్‌కు తెలిసిపోతుంది. ఈ రెసిస్టర్‌ను తీగ చివర, అంటే సెన్సార్ దగ్గరే పెట్టాలి. పని తేలికని ప్యానెల్ పెట్టెలోనే బిగిస్తే, తీగలను బయట కలిపేసినా ప్యానెల్ పసిగట్టలేదు.

వేడిని చూసే కన్ను

గది మూలన తెల్లటి లెన్స్‌తో కనిపించేది పీఐఆర్ సెన్సార్. ఇది తనంతట ఏ కిరణాలూ పంపదు. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దగ్గర వెలువడే పరారుణ కిరణాల తీవ్రత 9.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. సెన్సార్ లోపలి పదార్థం ఈ వేడిలోని మార్పును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. లెన్స్ గదిని కనిపించని పట్టీలుగా విభజిస్తుంది. మనిషి ఒక పట్టీ దాటి మరొక పట్టీలోకి వెళ్లినప్పుడు సంకేతం పుడుతుంది.

దీన్నిబట్టి బిగించే పద్ధతి తెలుస్తుంది. దొంగ సెన్సార్‌కు ఎదురుగా నడిచే చోట కాక, అడ్డంగా దాటే చోట పెట్టాలి. ఎండ పడే కిటికీ వైపు, ఏసీ గాలి తగిలేలా పెట్టకూడదు. మామూలు గాజు ఈ తరంగదైర్ఘ్యాన్ని అడ్డుకుంటుంది కాబట్టి, కిటికీ అవతల నిలబడ్డ మనిషి దీనికి కనబడడు. వేసవిలో మూసి ఉన్న గది వేడి చర్మం వేడికి దగ్గరైతే తేడా తగ్గి సెన్సార్ సామర్థ్యం మందగిస్తుంది. లెన్స్ మీద బల్లి పాకితే మాత్రం దొంగ వచ్చినట్టే మోగవచ్చు. అందుకే పీఐఆర్‌ను ఒక్కదాన్నే నమ్మకుండా తలుపు స్విచ్‌తో కలిపి వాడాలి.

పొగను పసిగట్టేదెలా?

పొగ డిటెక్టర్లు ప్రధానంగా రెండు రకాలు. అయొనైజేషన్ రకంలో అతి కొద్ది పరిమాణంలో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక మూలకం ఉంటుంది. దాని ఆల్ఫా కణాలు గాలిని అయాన్లుగా మార్చడంతో సన్నని విద్యుత్ ప్రవాహం ఏర్పడుతుంది. పొగ రేణువులు లోపలికి వస్తే ఆ ప్రవాహం తగ్గుతుంది. రెండోది ఆప్టికల్ రకం. ఇందులో చీకటి గదిలాంటి చిన్న అరలో ఒక ఎల్‌ఈడీ, దానికి నేరుగా కనబడని చోట కాంతిని గుర్తించే భాగం ఉంటాయి. పొగ వస్తే కాంతి చెదిరి ఆ భాగం మీద పడుతుంది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ కాంతిలో ధూళి మెరిసినట్టే ఇదీ.

భగ్గున మండే మంటను మొదటి రకం, పరుపులు, వైర్ల తొడుగుల్లా రాజుకుంటూ పొగలు కక్కేవాటిని రెండో రకం త్వరగా గుర్తిస్తాయి. నిద్రలో ఉన్నవారికి రాజుకునే మంట ఎక్కువ ప్రమాదం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నిద్ర లేవనివ్వకుండానే స్పృహ పోగొడుతుంది. అందుకే ఇళ్లకు ఆప్టికల్ రకం మేలు.

వేడి పొగ పైకి లేస్తుంది కాబట్టి డిటెక్టర్‌ను పైకప్పుకే బిగించాలి. గోడ, కప్పు కలిసే మూలన గాలి కదలదు, అక్కడ వద్దు. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ కూడా సమస్యే. దాని గాలి పొగను పలుచన చేసి చెదరగొడుతుంది. ఫ్యాన్ రెక్కల అంచు నుంచి కనీసం ఒక మీటరు దూరం ఉంచడం మంచిది. పడక గదుల్లో, వాటి బయట, మెట్ల పైభాగంలో ఒక్కొక్కటి ఉండాలి. సైరన్ దగ్గర్లో 85 డెసిబెల్స్ ఉన్నా మూసిన తలుపు దాటేసరికి శబ్దం బాగా తగ్గిపోతుంది. పడుకున్న చోట వినబడుతుందో లేదో తలుపు వేసి పరీక్షించాల్సిందే.

వంటగదికి వేరే పద్ధతి

తాలింపు పొగకే పొగ డిటెక్టర్ మోగుతుంది. కాబట్టి వంటగదిలో వేడి డిటెక్టర్ పెట్టాలి. ఇది సుమారు 57 డిగ్రీల దగ్గర లేదా ఉష్ణోగ్రత హఠాత్తుగా పెరిగినప్పుడు స్పందిస్తుంది.

గ్యాస్ డిటెక్టర్ ఎక్కడ పెట్టాలన్నది గ్యాస్‌ను బట్టి ఉంటుంది. సూరత్‌లో చాలా ఇళ్లకు గొట్టాల ద్వారా సహజవాయువు వస్తుంది. అందులో ప్రధానంగా ఉండే మీథేన్ గాలికన్నా తేలిక. లీకైతే పైకి చేరుతుంది కాబట్టి డిటెక్టర్ కప్పుకు దగ్గరగా ఉండాలి. సిలిండర్‌లోని ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేలమీద పరుచుకుంటుంది. దాని డిటెక్టర్ నేలకు సుమారు 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. సొంతూళ్లో సిలిండర్ దగ్గర పెట్టినట్టే సూరత్ ఇంట్లోనూ పెడితే ఉపయోగం లేదు.

కరెంటు పోతే?

ప్యానెల్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. ప్యానెల్, సెన్సార్లు కలిసి 0.25 ఆంపియర్లు తీసుకుంటే, లెక్క ప్రకారం 28 గంటలు నడవాలి. పాత బ్యాటరీ అంతసేపు రాదు. నెలకోసారి మెయిన్ కరెంటు తీసేసి, పరీక్ష బటన్ నొక్కి చూడండి. మరమగ్గాల వీధుల్లో, చీరల పని చేసే ఇళ్లలో నూగు ఎక్కువ. అది డిటెక్టర్ అరలో చేరితే ఊరికే మోగుతుంది. వాక్యూమ్‌తోనో మెత్తటి బ్రష్‌తోనో శుభ్రం చేయాలి. పదేళ్లు దాటిన పొగ డిటెక్టర్‌ను మార్చేయాలి.

అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చక్రం పొగకు అలారం మోగడం సహజమే. విసుగొచ్చి బ్యాటరీ పీకేయడమే అసలు ప్రమాదం. అలా మోగుతుంటే డిటెక్టర్‌ను పూజగదికి, వంటగదికి దూరంగా జరపండి. తీసేయకండి.

మోగాక ఏం చేయాలి?

అలారం మోగిన తర్వాత తలుపు తాళం వెతుక్కుంటూ ఉంటే అది ఇచ్చిన సమయమంతా వృథా. లోపలి తాళం చెవి తలుపు పక్కనే, పిల్లలకు కూడా అందే ఎత్తులో ఉండాలి. కిటికీ గ్రిల్‌లలో కనీసం ఒకటి లోపలి నుంచి తెరుచుకునేలా చేయించండి. దాని తలుపుకు కూడా రీడ్ స్విచ్ పెడితే దొంగ భయమూ ఉండదు. పొగ ఉంటే వంగి, నేలకు దగ్గరగా కదలండి. లిఫ్ట్ వాడొద్దు. బయటికి వచ్చాకే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. అలారం బిగించిన రోజే ఇంటిల్లిపాదీ ఒకసారి దాన్ని మోగించి, దీపాలు ఆర్పి, తలుపు దాకా నడిచి చూడండి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ తడబడ్డారో అప్పుడే తెలుస్తుంది.