ఎనిమిది మందిలో నలుగురు ఎక్కరు

కంప్యూటర్ తెర మీద ఓ చిన్న పార్కు. అందులోకి ఓ కొత్త రోలర్ కోస్టర్. కట్టాలా, ఆగాలా? జవాబు పట్టాల ఎత్తులో లేదు, గేటు దాటి లోపలికొచ్చిన జనం సహనంలో ఉంది.

'రోలర్ కోస్టర్ టైకూన్' ఆడినవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు చేసే పని ఒకటుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఉన్నదంతా ఊడ్చి ఓ తాటిచెట్టంత కోస్టర్ కట్టేస్తారు. తలుపు తీస్తారు. క్యూ సగం ఖాళీగా ఉంటుంది. సందర్శకుడి మీద నొక్కి చూస్తే, ఇది తన వల్ల కాదనే ఆలోచన తెర మీద కనిపిస్తుంది. ఈ వారం ముఖచిత్ర కథనానికి మాకు అప్పగించిన ప్రశ్న పైకి చాలా చిన్నది: చిన్న పార్కుకు కొత్త కోస్టర్ సరిపోతుందో లేదో ముందే చెప్పగలమా? ఉదాహరణకు ఆటలో మొదటి పార్కు ఫారెస్ట్ ఫ్రాంటియర్స్‌ని తీసుకుందాం. అడవి నడుమ కొంచెం జాగా. మొదటి ఏడాది అక్టోబరు ఆఖరుకు పార్కులో 250 మంది జనం ఉండాలి, పార్కు రేటింగు 600కి తగ్గకూడదు. ఆట క్యాలెండర్లో ఏడాదంటే మార్చి నుంచి అక్టోబరు దాకా, ఎనిమిది నెలలే. అక్కడ కట్టాలనుకుంటున్న కోస్టర్ తీవ్రత 7.50 అనుకుందాం. చాలామంది చూసేది దాని పక్కనే ఉండే మరో అంకెను, అంటే ఉత్సాహం రేటింగును. అది ఎంత పెద్దదైతే కోస్టర్ అంత గొప్పదని లెక్క. ఆ అంకె మీద నాకు మొదటినుంచీ గురి తక్కువ. దాన్ని పక్కన పెట్టి తీవ్రతను జనం పక్కన నిలబెట్టి చూడాలన్నదే ఈ కథనం వాదన.

చరిత్ర రెండు ముక్కల్లో. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ 1994లో 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్' చేశాడు. 1999లో 'రోలర్ కోస్టర్ టైకూన్' వచ్చింది. బొమ్మలు సైమన్ ఫాస్టర్‌వి, సంగీతం ఆలిస్టర్ బ్రింబుల్‌ది. ప్రోగ్రామంతా ఇంచుమించు ఒంటిచేత్తో సాయరే రాశాడు, అదీ నూటికి 99 పాళ్ళు అసెంబ్లీ భాషలో. రెండో భాగం 2002లో వచ్చింది. 2014లో కొందరు అభిమానులు ఆ రెండో ఆటను విప్పి చూస్తూ, దాని నడకను ఒక్కో ముక్కగా తిరగరాసి అందరూ చదవగలిగేలా బయటపెట్టడం మొదలుపెట్టారు. ఆ ప్రయత్నం పేరు 'ఓపెన్‌ఆర్‌సీటీ2'. మన ప్రశ్నకు పనికొచ్చే దస్తావేజు అదే.

ఆ కోడ్‌లో ఒక సందర్శకుడు పుట్టే చోటు కొన్ని వరుసలే. గేటు దగ్గర కొత్త మనిషిని తయారు చేసేటప్పుడు ఆట మూడు నుంచి పది వరకు ఎనిమిది అంకెల్లో ఒకదాన్ని చీటీ తీసినట్టు తీస్తుంది. అది అతను ఓర్చుకునే తీవ్రతకు పై హద్దు. ఏడు గానీ అంతకు మించి గానీ వస్తే హద్దును ఒక్కసారిగా 15కి లేపేస్తుంది, అంటే వాడికి భయమన్నది దాదాపు లేనట్టే. కింది హద్దు కూడా ఆ చీటీలోంచే వస్తుంది. వచ్చిన అంకెలోంచి మూడు తీసేస్తారు, అయితే అది నాలుగు దాటదు. ఎనిమిది అంకెలకూ సమాన అవకాశం కనుక, జనంలో సగం మంది పిరికివాళ్ళు (పై హద్దు మూడు, నాలుగు, అయిదు, ఆరు), సగం మంది మొండివాళ్ళు. మొండివాళ్ళ కింది హద్దు నాలుగు. రంగులరాట్నం లాంటి వాటి తీవ్రత ఒకటికి లోపే ఉంటుంది కాబట్టి, ఇంతకంటే హుషారైనది కావాలంటూ వాళ్ళు మొహం తిప్పుకుంటారు. పార్కు మొత్తం పిల్లల రైడ్లతో నింపితే సగం జనం ఊరికే తిరుగుతారు. మొత్తం భయంకరమైన కోస్టర్లతో నింపితే మిగతా సగం తిరుగుతారు. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగేదే. అసలు కీలకం తర్వాతి మెట్టులో ఉంది.

రైడ్ ముందు నిలబడ్డ సందర్శకుడు తన హద్దును ఉన్నది ఉన్నట్టు వాడడు. పదికి పైబడిన హద్దును పదిగా లెక్కవేసి, దానికి తన సంతోషాన్ని కలుపుకుంటాడు. కింది హద్దులోంచి అదే సంతోషాన్ని తీసేస్తాడు. సంతోషం సున్నా నుంచి 255 దాకా ఉండే అంకె, తీవ్రత లెక్కలో అది నిండుగా ఉంటే 2.55తో సమానం. మామూలుగా లోపలికొచ్చే మనిషి సంతోషం సగానికి అటూ ఇటూగా, అంటే 1.28 దగ్గర ఉంటుంది. ఇప్పుడు మన 7.50 కోస్టర్‌ను ఈ తూకంలో వేద్దాం. పై హద్దు ఆరుగా పుట్టినవాడు సగం సంతోషంతో 7.28 దాకా వస్తాడు, చాలదు. అయిదువాడు 6.28 దగ్గరే ఆగిపోతాడు. మూడు, నాలుగు సంగతి చెప్పనక్కర్లేదు. ఎనిమిది మందిలో నలుగురు ఎక్కరు. అదే కోస్టర్ ముందుకు అదే జనం నిండు సంతోషంతో వస్తే అయిదువాడి హద్దు 7.55 అవుతుంది, కోస్టర్‌ను వెంట్రుకవాసిలో అందుకుంటాడు. ఆరువాడు సునాయాసంగా ఎక్కుతాడు. నలుగురు కాస్తా ఆరుగురయ్యారు. పట్టాల్లో ఒక్క ముక్క మార్చలేదు. మారిందల్లా ఆకలి, దాహం, మూత్రశాల కోసం వెతుకులాట, దారిలో వాంతులు, చెత్త. సంతోషాన్ని కిందికి లాగేవి అవే. అందుకే కోస్టర్ కట్టేముందు బల్లలు, మరుగుదొడ్లు, చీపురు పట్టిన పనివాడు అనడం ఆడేవాళ్ళకు చాదస్తంగా తోచవచ్చు. కోడ్ ప్రకారం చూస్తే అవి కోస్టర్ క్యూలో భాగమే.

ఇదే తూకంలో 4.20 తీవ్రత ఉన్న కోస్టర్‌ను పెట్టండి. సగం సంతోషంతో ఉన్న మూడువాడి పై హద్దు 4.28, ఎక్కుతాడు. మొండివాళ్ళ కింది హద్దు నాలుగులోంచి 1.28 పోగా 2.72, వాళ్ళూ ఎక్కుతారు. మధ్యవాళ్ళకు ఇబ్బందే లేదు. ఎనిమిదికి ఎనిమిది. పెళ్ళి వంటవాడు కారం వేసేది తన నాలుకను బట్టి కాదు, పంక్తిలో కూర్చున్నది ఎవరో చూసి. చిన్న పార్కుకు ఒకే పంక్తి ఉంటుంది. పెద్ద పార్కులో అయిదారు కోస్టర్లు ఉంటాయి, ఒకటి కాదన్నవాడికి మరొకటి దొరుకుతుంది, అక్కడ 7.50 నిక్షేపంగా నిలబడుతుంది. 250 మంది పార్కులో ఉన్న ఒక్క కోస్టరూ సగం మందిని గేటు దగ్గరే కాదంటే, వాళ్ళకు చూపించడానికి మరొకటి లేదు.

సగం మంది చాలరా అని అడగవచ్చు. 125 మంది ఒకే రైడ్‌కు వస్తే బండి నిండకపోతుందా? నిండుతుంది, కాదనను. డబ్బు కూడా వస్తుంది. రైడ్ విలువను కట్టేటప్పుడు ఉత్సాహంతో పాటు తీవ్రతనూ కలుపుతారు కనుక టికెట్టు కాస్త ఎక్కువే పెట్టవచ్చు. అయితే ఈ పార్కు గెలుపు డబ్బుతో కాదు, తలల లెక్కతో. జనం ఎంతమంది రావాలో ఆట నిర్ణయించే పద్ధతిలో ప్రతి రైడ్ రకానికీ ఓ స్థిరమైన వాటా ఉంది. నడుస్తున్న రైడ్ల వాటాలన్నీ కూడితే పార్కు ఎంత జనాన్ని లాగుతుందో తేలుతుంది. మామూలు పార్కులో ఆ వాటా మీ కోస్టర్ ఎంత గొప్పదన్న దాన్ని బట్టి ఉండదు, అది ఏ రకం అన్నదాన్ని బట్టే. కోస్టర్ల వాటా పెద్దదే, వాటి ఖర్చు ఇంకా పెద్దది. ఆ డబ్బుతో మూడు నాలుగు చిన్న రైడ్లు కడితే వాటాలు వేర్వేరుగా కూడుతాయి, పిరికివాళ్ళకూ ఏదో ఒకటి దొరుకుతుంది. జనాన్ని కష్టపడి రప్పించాల్సిన కఠిన పార్కులు కొన్ని ఉన్నాయి. వాటిలో వెయ్యి మంది దాటాలంటే కనీసం 600 మీటర్ల పొడవు, 6.00 ఉత్సాహం ఉన్న కోస్టర్లే గతి. అక్కడ ఈ వాదన తిరగబడుతుంది. ఫారెస్ట్ ఫ్రాంటియర్స్ అలాంటిది కాదు.

కొత్త రైడ్‌కు ఉండే ఆకర్షణ వృథా అవుతుంది కదా, ముందే కట్టేస్తే పోలేదా? ఇదీ తరచూ వినిపించే మాటే. నిజమే, కట్టిన మొదటి అయిదు నెలలు రైడ్ విలువ ఒకటిన్నర రెట్లు ఉంటుంది. పదమూడో నెల వరకు 1.2 రెట్లు. ఆ తర్వాత మామూలు, నలభై నెలలు దాటాక తరుగుదల. కానీ ఆ లెక్క మొదలయ్యేది కట్టిన నెల నుంచి. జూన్‌లో కట్టిన కోస్టర్‌కు జూన్, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మొత్తం ఒకటిన్నర రెట్ల విలువే. మార్చి నుంచి మే దాకా దారులు, బల్లలు, చిన్న రైడ్లతో జనాన్ని కుదురు చేసుకోవడానికి మూడు నెలల వ్యవధి చేతిలో ఉన్నట్టే. తనకు సరిపడే రైడ్ దిగిన మనిషి సంతోషం పెరుగుతుంది, పెరిగిన సంతోషం వాడి హద్దును సాగదీస్తుంది. సౌమ్యమైనది ముందు, ఉగ్రమైనది తర్వాత అన్న వరుస ఇందుకే.

అప్పటికే 7.95 కోస్టర్ కట్టేసి కూర్చున్నవాళ్ళ గతేమిటి? కూల్చనక్కర్లేదు, ఒక మూలను చూడాలి. వేగంగా వచ్చే బండిని ఒరిగించకుండా చదునైన పట్టా మీద మలుపు తిప్పితే పక్కకు నెట్టే జోరు పెరుగుతుంది. ఆ అంకె 2.80 జి దాటిన క్షణాన జోరు లెక్కలో తీవ్రతకు ఏకంగా 3.75, వికారానికి 2.00 జమ అవుతాయి, అందులో కొంత భాగం తుది రేటింగులో పడుతుంది. 3.10 దాటితే అదే లెక్కలో తీవ్రత మీద ఇంకో 8.50 పడుతుంది, ఉత్సాహం సగానికి కోసేస్తారు. అంటే కోస్టర్ మొత్తం బాగుండి, కొండ దిగిన వెంటనే ఉన్న ఒక్క మలుపు పాడుచేసి ఉండవచ్చు. ఆ మలుపు పట్టాను ఒరగేస్తే, లేదా దాని ముందు బండిని కాస్త నెమ్మదింపజేస్తే, 7.95 బాగా కిందికి దిగుతుంది. పార్కులో సగం మందిని కాదన్న కోస్టరే ఇంకా ఎక్కువ మందిని ఎక్కించుకుంటుంది. తీవ్రత పెరగకుండా ఉత్సాహం పెంచే దారులూ ఉన్నాయి. పట్టాను కాలిబాట మీదుగా, నీళ్ళ మీదుగా, మరో రైడ్ పక్కనుంచి పోనివ్వడం, చుట్టూ చెట్లూ అలంకారాలూ పెట్టడం లాంటివి. చిన్న జాగా ఇక్కడ లోటు కాదు, అన్నీ దగ్గరదగ్గరగా ఉండక తప్పదు కనుక.

మరీ ఎక్కువైతే ఏమవుతుందో కూడా కోడ్ నిర్మొహమాటంగా చెబుతుంది. తీవ్రత 10.00 చేరగానే ఉత్సాహంలో నాలుగో వంతు కోత. 11.00, 12.00, 13.20, 14.50 దగ్గర మిగిలినదాంట్లో మళ్ళీ మళ్ళీ నాలుగో వంతు. ఎనిమిది ఉత్సాహంతో మొదలైన కోస్టర్ ఈ అయిదు గీతలూ దాటేసరికి రెండు కంటే తక్కువకు దిగుతుంది. సందర్శకుడి పై హద్దు పది, దానికి నిండు సంతోషం కలిపినా 12.55. అది దాటిన కోస్టర్‌ను ఏ మొండివాడూ ఎక్కడు.

ఇదంతా ఒక ప్రోగ్రామర్ గీసిన గీత, నిజం పార్కులో మనుషులకు చీటీలు ఉండవంటారు కొందరు. చీటీలు ఉండవు, హద్దులు ఉంటాయి. కెనడాలోని ఒంటారియోలో, ఎరీ సరస్సు ఒడ్డున క్రిస్టల్ బీచ్ పార్కు ఉండేది. అక్కడ హ్యారీ ట్రేవర్ 1927లో 'సైక్లోన్' అనే కోస్టర్ కట్టాడు. ఊపిరాడనివ్వని మలుపులు. దిగినవాళ్ళను చూసుకోవడానికి స్టేషన్‌లో నర్సును పెట్టాల్సి వచ్చింది. 1946లో అది మూతపడింది. దాని ఇనుమును వాడి అదే పార్కులో 1948లో 'కామెట్' కట్టారు. అది పార్కు మూతపడిన 1989 దాకా నడిచింది, తర్వాత అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రేట్ ఎస్కేప్ పార్కుకు తరలి 1994లో మళ్ళీ తెరుచుకుంది. ఎక్కగలిగే వంపులు పడ్డాక, జనాన్ని బెదరగొట్టిన ఇనుమే ఇంత కాలం నిలిచింది.

ఒకటే రకం రెండుసార్లు

డైనమైట్ డ్యూన్స్ పార్కులో ఆట మొదలయ్యేసరికే ఓ మైన్ ట్రైన్ కోస్టర్ సిద్ధంగా ఉంటుంది. అది బాగా ఆడుతోంది కదా అని అదే రకం రెండోది కట్టకండి. ఒకే రకం రైడ్లు రెండు తెరిచి ఉంటే వాటి విలువ నాలుగో వంతు పడిపోతుంది. కొత్తదానితో పాటు పాతదీ నష్టపోతుంది.

టికెట్టు ఎంత?

రైడ్ విలువకు రెట్టింపు దాటి అడిగితే ఎవరూ ఇవ్వరు. విలువలో సగానికి తగ్గితే చవకని సంబరపడతారు. గేటు దగ్గర ప్రవేశ రుసుము కట్టి వచ్చినవాడు మాత్రం ప్రతి రైడ్ విలువనూ నాలుగో వంతుగానే చూస్తాడు. గేటు దగ్గరా, కోస్టర్ దగ్గరా గట్టిగా వసూలు చేద్దామనే ఆశ పనిచేయదు.

తెరిచే ముందు

కొత్త కోస్టర్‌ను ఖాళీ బండితో నడిపి రేటింగులు వచ్చాకే తెరవాలి. అంకెలు ఇంకా రాని కోస్టర్‌ను చూసిన సందర్శకుల్లో పదికి తొమ్మిది మంది పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. వానలో పైకప్పు బొత్తిగా లేని రైడ్‌ను కూడా అంతే, ఎక్కరు. ఒకసారి ప్రమాదం జరిగిన కోస్టర్‌ను సంతోషం 225కి పైన ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు నమ్మరు. పరీక్ష నడకలో బండి పడిపోతే సరిచేసుకోవచ్చు. జనంతో పడిపోతే ఆ సీజను పోయినట్టే.