సందు లేదు, సంధి ఉంది

నందిగామ బస్టాండులో ఒక పెద్దావిడ కండక్టరును అడుగుతుంది: "పేటకెల్లే బస్సెప్పుడొచ్చిద్ది బాబూ?" కండక్టరు టికెట్ల లెక్క చూసుకుంటూనే జవాబు చెప్పేస్తాడు. ఇక్కడ పేట అంటే జగ్గయ్యపేటే అని అందరికీ తెలుసు. ఆ ప్రశ్న ఎవరికీ కష్టంగా అనిపించదు.

అదే ప్రశ్నను పాఠ్యపుస్తకం రాస్తే ఇలా ఉంటుంది: "జగ్గయ్యపేటకు వెళ్లే బస్సు ఎప్పుడు వస్తుంది?" కాగితం మీద అయిదు మాటలు. పెద్దావిడ నోట రెండే ముక్కలు. 'వెళ్లే'లో వకారం జారిపోయింది. 'బస్సు'లో ఉకారం ఎగిరిపోయింది. 'వస్తుంది' స్థానంలో ఈ మెట్ట ప్రాంతపు 'వచ్చిద్ది' వచ్చి, 'ఎప్పుడు'కు అతుక్కుంది.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చి, పుస్తకం చూసి తెలుగు నేర్చుకుంటున్న మనిషి ఆ పక్కనే ఉన్నాడనుకోండి. ఆ అయిదు మాటలూ అతనికి విడివిడిగా తెలుసు. అయినా ఒక్కటీ చిక్కదు. "వీళ్లు చాలా వేగంగా మాట్లాడతారు" అనుకుంటాడు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి, ఫోనులో ఏడాదిపాటు స్పానిష్ పాఠాలు చదివిన కుర్రాడు కూడా టెక్సాస్‌లో తోటి పనివాళ్ల మాటలు విని అచ్చంగా ఇదే అనుకుంటాడు. ఇద్దరూ నింద వేగం మీదే వేస్తారు. శాస్త్రం మాత్రం వేరే చోట వేలు పెట్టి చూపిస్తోంది.

వేగం ఎంత?

స్పానిష్ వేగమైన భాషే. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో ఫ్రాన్స్వా పెలెగ్రినో, ఆయన సహచరులు కొన్ని భాషల వేగాన్ని కొలిచి 2011లో ప్రకటించారు. నోరు ఒక దెబ్బకు పలికే ముక్కను అక్షరం అనుకుంటే, స్పానిష్ సెకనుకు సగటున 7.82 అక్షరాలు, జపనీస్ 7.84, ఇంగ్లీషు 6.19, చైనా మాండరిన్ 5.18. ఇదే బృందం 2019లో 17 భాషలను పరిశీలించింది. అక్షరాల వేగం ఎలా ఉన్నా, సెకనుకు చేరే సమాచారం మాత్రం దాదాపు అన్ని భాషల్లోనూ 39 బిట్ల దగ్గరే తిరుగుతోందని తేల్చింది. వేగంగా పలికే భాషలో ఒక్కో అక్షరం మోసే బరువు తక్కువ. మిరప కల్లంలో ఒకరు చిన్న తట్టతో ఎక్కువసార్లు మోస్తారు, ఇంకొకరు పెద్ద గంపతో తక్కువసార్లు మోస్తారు. సాయంత్రానికి రెండు కుప్పలూ ఒకటే.

వేగమే అసలు కారణమైతే నెమ్మదైన భాషలు తేలిగ్గా అర్థం కావాలి. మాండరిన్ సెకనుకు అయిదక్షరాలే పలుకుతుంది. తెలియని చెవికి అదీ గలగలమనే ప్రవాహమే.

చెవి ఎక్కడ కోస్తుంది?

రాతలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటుంది. ధ్వనిలో ఉండదు. 'బస్సెప్పుడొచ్చిద్ది' అన్న ధ్వనిని యంత్రంలో గీతగా చూస్తే, 'బస్సు' ఎక్కడ ఆగి 'ఎప్పుడు' ఎక్కడ మొదలైందో చూపించే సందు ఏదీ కనిపించదు. నిజమైన నిశ్శబ్దం ఉన్నది 'ప్పు' దగ్గర, 'చ్చి' దగ్గర. అంటే మాటల మధ్య కాదు, ఒత్తక్షరాల లోపల. ఇలాంటి ఒత్తు పలికేటప్పుడు నోరు క్షణంపాటు పూర్తిగా మూసుకుపోతుంది. సందు చూసి కోయాలనుకునే చెవి తప్పుడు చోటే కోస్తుంది.

మరి పసిపిల్లలు ఎలా కోస్తారు? జెన్నీ సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ 1996లో దీన్ని పరీక్షించారు. అర్థంలేని నాలుగు మూడక్షరాల మాటలను ఎక్కడా ఆపకుండా కలిపి, ఎనిమిది నెలల పిల్లలకు రెండే నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం వెంట ఏ అక్షరం తరచుగా వస్తోందో ఆ పిల్లలు పసిగట్టారు. మాటలను, మాటల ముక్కలు కలిసి ఏర్పడిన అతుకులను వేరుగా గుర్తించారు. చెవి చేసే పని లెక్క కట్టడం. ఆ లెక్కకు కావలసింది ఎక్కువసార్లు వినడం.

పెద్దయ్యాక ఈ పనికి మన మాతృభాష లయ తోడవుతుంది. లలితా మూర్తి, తకాషి ఒతాకే, ఆన్ కట్లర్ 2007లో తెలుగువారికి జపనీస్, జపాన్ వారికి తెలుగు వినిపించి చూశారు. బంధుత్వమే లేని ఈ రెండు భాషలవాళ్లూ ధ్వనిని కోసే పద్ధతిలో పోలికలు కనిపించాయి. జపనీస్ విన్న తెలుగువారు అచ్చం జపాన్ వారిలాగే మాత్రల సరిహద్దుల దగ్గర కోశారు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని మన ఛందస్సు లెక్కపెట్టే ఆ మాత్ర పద్యానికే పరిమితం కాలేదు. అది మన చెవిలో ఉన్న కత్తి.

కోసిన తరువాత మెదడు పూరించే పని కూడా ఉంది. 1970లో రిచర్డ్ వారెన్ ఒక వాక్యంలోని ఒక ధ్వనిని పూర్తిగా తీసేసి, ఆ చోట దగ్గు శబ్దం పెట్టి 20 మందికి వినిపించారు. 19 మంది ఏ ధ్వనీ పోలేదన్నారు. మిగిలిన ఒక్కరు పోయిన ధ్వని ఏదో తప్పుగా చెప్పారు. భాష తెలిసినవాడికి లేనిది కూడా వినిపిస్తుంది. తెలియనివాడికి ఉన్నది కూడా వినిపించదు. కండక్టరుకు, కొత్తవాడికి తేడా ఇక్కడే.

స్పానిష్‌లో మన సంధులు

అచ్చు పక్కన అచ్చు వస్తే కలిసిపోవడం మనం బళ్లో చదివినదే. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో దానికి సూత్రాలు కట్టారు. స్పానిష్ నోళ్లలోనూ ఇదే జరుగుతుంది. 'వా ఆ అబ్లార్' అంటే మాట్లాడబోతున్నాడు అని అర్థం. మామూలు సంభాషణలో మూడు అకారాలూ కలిసి 'వాబ్లార్' అవుతుంది. స్నేహితులను 'లోస్ అమీగోస్' అని రాస్తారు, 'లో-సా-మీ-గోస్' అని పలుకుతారు. 'కోసం' అనే అర్థమున్న 'పారా' వట్టి 'పా' అవుతుంది. అలసిపోయాడనే 'కన్సాదో' చాలా చోట్ల 'కన్సావో' అవుతుంది. కరీబియన్ దీవుల్లో, స్పెయిన్ దక్షిణాన అక్షరం చివరి సకారం హకారంలా సన్నబడుతుంది, లేదా పూర్తిగా పోతుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక అనుకూలం, ఒక చిక్కు ఉన్నాయి. స్పానిష్ అచ్చులు అయిదూ మనకు కొత్తవి కావు. ఇంగ్లీషులోలాగా నలిగిపోకుండా స్పష్టంగా పలుకుతాయి. చిక్కు ఊనికతో. 'పపా'లో చివరి అక్షరాన్ని ఊని పలికితే నాన్న. మొదటిదాన్ని ఊనితే, లాటిన్ అమెరికాలో బంగాళాదుంప. మన చెవి ఆ ఊనికను దీర్ఘమనుకుని ఊరుకోవచ్చు. అర్థం మారేది అక్కడే.

అరిగిన మాట తప్పు కాదు

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించి పరిశీలించారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి ఆయక స్తంభాలు సమర్పించినట్టు అక్కడి ప్రాకృత శాసనం చెబుతోంది. ఆ రాతి మీద ఇక్ష్వాకు 'ఇఖాకు' అయింది. పురుష 'పురిస' అయింది. పుత్ర 'పుత' అయింది. తరతరాల నోళ్లలో అరిగిన రూపాలనే రాజు పేరుతో సహా గౌరవంగా చెక్కారు.

స్పానిష్ పుట్టుక కూడా ఇంతే. లాటిన్‌లో 'అవురికులా' అంటే చిన్న చెవి. జనం నోట అది 'ఓరిక్లా' అయింది. 'ఓరిక్లా' అనకూడదని ఒక పాత లాటిన్ తప్పొప్పుల పట్టిక హెచ్చరించింది కూడా. చివరికి ఆ తప్పే నిలిచి, స్పానిష్‌లో చెవిని 'ఓరేఖా' అంటున్నారు. మన దగ్గరా 'వచ్చినాడు' అన్న మాట నందిగామలో 'వచ్చాడు'. గరికపాడు దాటి కోదాడ చేరేసరికి 'వచ్చిండు'. వీటిలో ఏదీ బద్ధకపు మాట కాదు. కలవడం, అరగడం బతికున్న భాష లక్షణం.

చెవికి ఏం నేర్పాలి?

మొదటిది, మాటను రెండు రూపాల్లోనూ నేర్చుకోవాలి. 'పారా'తో పాటే 'పా', 'వస్తుంది'తో పాటే 'వచ్చిద్ది'. రెండోది, అర నిమిషం నిడివిగల సహజ సంభాషణను ఎంచుకుని, విన్నది విన్నట్టు రాసుకుని, అసలు పాఠంతో పోల్చి చూసుకోవాలి. ఎక్కడ తప్పిందో అక్కడ ఏ సంధి జరిగిందో గమనించి, అదే ముక్కను మళ్లీ వినాలి. మూడోది, ఒకే గురువు గొంతుకు అలవాటు పడకూడదు. జపాన్ విద్యార్థులకు ఇంగ్లీషు ర, ల ధ్వనుల తేడా నేర్పడంలో పలువురి గొంతులు వినిపించడం ఫలించిందని 1991 నాటి పరిశోధన చూపింది. నాలుగోది, సినిమా చూస్తే సబ్‌టైటిళ్లు ఆ భాషలోనే పెట్టుకోవాలి. హోల్గర్ మిటరర్, జేమ్స్ మక్వీన్ 2009లో డచ్చివారికి స్కాట్లండ్, ఆస్ట్రేలియా యాసల ఇంగ్లీషు వీడియోలు చూపించారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూసినవారి చెవి ఆ యాసకు మెరుగుపడింది. డచ్చి సబ్‌టైటిళ్లు కొత్త మాటల విషయంలో అడ్డుపడ్డాయి.

గిడుగు రామమూర్తి గారికి ఈ సౌకర్యాలు ఏవీ లేవు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, అప్పటికి లిపి లేని సవర భాషను మాట్లాడేవారి నోటి నుంచే విని నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. మన్యంలో తిరిగి మలేరియా బారిన పడి, క్వినైను ఎక్కువగా వాడడం వల్ల ఆయన వినికిడి పోయింది. ఇంకొకరి భాష వినడం కోసం తన చెవినే ఇచ్చిన మనిషి ఆయన.

కాబట్టి స్పానిష్ నేర్చుకుంటున్న మన పిల్లలకు చెప్పవలసింది ఒకటే: అర్థం కాకపోతే కుంగిపోవద్దు, ఇంకొంచెం వినండి. మనకు చెప్పుకోవలసింది కూడా ఒకటుంది. పేట బస్టాండులో కొత్తగా తెలుగు నేర్చుకుంటున్న మనిషి బిక్కమొహం వేస్తే గొంతు పెంచకండి. అన్న మాటనే మామూలుగా మరోసారి అనండి, తరువాత సంధి విడదీసి చెప్పండి. ఆ తరువాత మళ్లీ కలిపి అనండి. అతని చెవికి అంతకు మించిన పాఠం లేదు.