పొరుగు రాష్ట్రమున ఇల్లు కొనువారికి

ఎండలు ముదిరినంతనే బెంగుళూరు, చెన్నై నగరములలోని పెక్కు ఇండ్లలో ఒక ప్రస్తావన వచ్చుచుండును. మదనపల్లె ప్రాంతమున కొద్దిపాటి స్థలము కొని, చిన్న యిల్లు కట్టుకొని, వేసవి నెలలైనను అచట గడిపిన నెట్లుండునని. బెంగుళూరునుండి మదనపల్లె సుమారు 120 కిలోమీటర్లు. కుప్పము ఇంకను చేరువ; పైగా చెన్నై, బెంగుళూరుల నడుమ రైలుమార్గముననే యున్నది. పుంగనూరు ఈ రెండూళ్ల మధ్యది. పీఠభూమి గాలి, నగరపు ధరలతో పోల్చిన చౌక, తెలుగు, కన్నడము, అరవము మూడును చెల్లుబాటగు బజారు. ఆశ పుట్టుటలో వింత లేదు.

ఈ ఆశ క్రొత్తదియు కాదు. పందొమ్మిదవ శతాబ్దమున కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర ఏనుగుమల్లమ్మ కొండపై వేసవి విడిది కట్టించుకొనగా, ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయరోగుల ఆసుపత్రి వెలయుటకు ఇచ్చటి పొడిగాలి యొక కారణము. అయితే దొరకు ప్రభుత్వము, ఆసుపత్రికి మిషనరీ సంఘములు వెనుక నుండెను. నేడు వచ్చువాడు ఉద్యోగవిరమణనాడు చేతికందిన సొమ్ముతో ఒంటరిగా వచ్చుచున్నాడు. ఆ సొమ్ము పోయినచో మరల సంపాదించు వయస్సు ఆతనికి లేదు. అందుచే ఈ విషయమును కొంత విపులముగా చెప్పదలచితిమి.

భాష తెలియని రాష్ట్రమున మోసపోవుదురని లోకులందురు. మా అభిప్రాయము కొంచెము వేరు. తెలియని మాటను ఎవరైనను అడిగి తెలిసికొందురు. తమకు తెలిసినదే యనుకొన్న మాట దగ్గర అడుగరు. మూడు రాష్ట్రములు కలియు ఈ సీమలో చిక్కంతయు అచ్చటనే కలదు.

పట్టా యన్న మాటనే తీసికొందము. చెన్నై వాస్తవ్యుడు ఆ మాట వినగానే ధైర్యపడును. ఆతని యెరుకలో పట్టా యున్నవాడే భూస్వామి. చిత్తూరు సీమలో పట్టా యన్న వెంటనే ఏ పట్టా యని అడుగవలెను. ఇచట డి.కె.టి. పట్టా యను నొక జాతి కలదు. దరఖాస్తు పెట్టుకొన్న భూమిలేని పేదలకు ప్రభుత్వము సాగుకై ఇచ్చిన భూమికి ఆ పేరు. 1954 జూన్ 18వ తేదీ తరువాత ఆంధ్ర ప్రాంతమున ఇచ్చిన ఇట్టి పట్టాలలో, భూమిని అన్యులకు అమ్మరాదను షరతు సాధారణముగా నుండును. అట్టి విక్రయములు చెల్లవని 1977 నాటి అసైన్డు భూముల చట్టము శాసించినది. కొన్నవాని చేతినుండి ఆ భూమిని తిరిగి తీసికొను అధికారమును ప్రభుత్వమున కిచ్చినది. 2023లో వచ్చిన సవరణచే, ఇరువది యేండ్లు గడచిన భూములపై మూల పట్టాదారులకు పూర్తి హక్కు లభించుటకు దారి యేర్పడెను. కాని ఆ విధముగా విడుదలైన భూములపై 2024లో విచారణ మొదలై, వాని రిజిస్ట్రేషనులు నిలిపివేయబడెను. కావున ‘ఇరువది యేండ్లు నిండినవి, ఇక భయము లేదు’ అను మధ్యవర్తి మాటతో తృప్తిపడరాదు. రిజిస్ట్రేషను చట్టపు 22-ఏ సెక్షను క్రింద నిషేధ జాబితాలో ఆ సర్వే నంబరు ఉన్నదో లేదో సబ్-రిజిస్ట్రారు కార్యాలయమున విచారింపవలెను. ప్రభుత్వ భూములు, దేవస్థానపు మాన్యములు, అసైన్డు భూములు ఆ జాబితాలో చేరును.

బెంగుళూరువారికి ఇట్టి మాట ఖాతా. వారి నగరమున ఖాతా యనగా పన్ను నిమిత్తము ఆస్తిని పురపాలక సంస్థ నమోదు చేసికొన్న పత్రము. ఆంధ్ర గ్రామ లెక్కలలో ఖాతా నంబరు పట్టాదారుని లెక్కకు ఇచ్చిన సంఖ్య మాత్రమే. దాని క్రింద అనేక సర్వే నంబరులు ఉండవచ్చును. వారు పహాణీ యను దానికి ఇచట అడంగలు దగ్గరిది. హక్కుదారుని పేరు 1-బి రిజిస్టరులో చూడవలెను. కొలతల సంగతియు నిట్టిదే. గుంట ఎకరమున నలుబదవ వంతు, సెంటు నూరవ వంతు. అనగా గుంటకు రెండున్నర సెంట్లు. గుంట ధర మనస్సున నుంచుకొని సెంటు ధర విన్నవానికి అంతయు చౌకగనే తోచును. అంకణము మరియు విచిత్రము. నెల్లూరున అది 72 చదరపు అడుగులు, తిరుపతి, చిత్తూరుల వైపున 36. అగ్రిమెంటులో చదరపు గజములు వ్రాయించుకొన్నచో ఈ తగవే పుట్టదు.

రిజిస్ట్రేషను జరిగినది గనుక హక్కు సిద్ధించినదని తలచుట ఇంతకంటె పెద్ద భ్రమ. రిజిస్ట్రారు నమోదు చేయునది దస్తావేజును. అమ్మినవానికి ఆ భూమిపై హక్కు కలదని ఆయన హామీ ఇచ్చుట లేదు. ఆ హామీని ప్రభుత్వమే ఇచ్చు పద్ధతిని ఆంధ్రప్రదేశ్‌లో ఒక చట్టము ద్వారా తేదలచిరి. అది 2023లో అమలునకు వచ్చి, పెద్ద వివాదమై, 2024లో రద్దైనది. కావున హక్కు పరంపరను వెనుకకు పోయి పరిశీలించు భారము కొనువానిదే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీతో ఆస్తి చేతులు మారినదని చెప్పువారును కలరు. అట్టి పత్రము విక్రయము కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులోనే తేల్చినది.

ఎంత వెనుకకు పోవలెను? ముప్పది యేండ్ల ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు చాలునని చాలమంది యందురు. ఈ ప్రాంతమున అది చాలదని మా తలంపు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె తాలూకా కడప జిల్లానుండి వచ్చినది. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటునుండి వచ్చినవి. కుప్పము కంగుంది జమీనులోనిదే. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీను భూములు రైతువారీ పద్ధతిలోనికి మారెను. పుంగనూరుననో, కుప్పముననో ‘ఇది మా తాతలనాటి భూమి’ యని అమ్మువాడు చెప్పినచో, జమీను రద్దైన పిమ్మట రైతువారీ పట్టా ఎవరి పేర వచ్చినదో, లేక ఆ నేల బంజరుగనో చెరువు పోరంబోకుగనో లెక్కకెక్కినదో అడిగి తీరవలెను. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న మదనపల్లె చిత్తూరు జిల్లానుండి అన్నమయ్య జిల్లాలోనికి మారెను. 2020 డిసెంబరులో మొదలైన పునస్సర్వే ముగిసిన గ్రామములలో పాత సర్వే నంబరులకు మారుగ ఎల్.పి.ఎం. నంబరులు వచ్చినవి. పాత దస్తావేజులోని నేలయు, క్రొత్త పటములోని నేలయు ఒకటేనని సర్వేయరు చేత కొలిపించి చూచుకొనుట యుక్తము.

కాగితము ఎల్లకాలము నిలుచునను నమ్మకమును గూడ మితముగ నుంచుకొనవలెను. 2024 జూలై 21వ తేదీ రాత్రి మదనపల్లె సబ్-కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి పెక్కు భూదస్త్రములు కాలిపోయినవి. అది రాష్ట్రమంతట చర్చకు వచ్చి, నేరవిచారణ వరకు పోయినది. అమ్మువాడు చూపిన నకళ్లతో సరిపెట్టుకొనక, మూలపత్రముల ధ్రువీకృత ప్రతులను కొనువాడు కార్యాలయములనుండి స్వయముగ పొంది తన ఇంట భద్రపరచుకొనవలెనని మేము ఇంతగా చెప్పుటకు ఇదియు నొక హేతువు.

రైతులు కానివారికి భూమి చెల్లునా యని బెంగుళూరువారు అడుగుచుందురు. కర్ణాటకమున 2020 వరకు అట్టి నిర్బంధము లుండుటచే ఆ సందేహము సహజము. ఆంధ్రప్రదేశ్‌లో రైతే కొనవలెనన్న నియమము లేదు. భూపరిమితికి లోబడి కొనవచ్చును. అయితే అమెరికాలో స్థిరపడిన కుమారుడు ధనము పంపి, తన పేరనే తోట కొనుమన్నచో ఆగవలెను. విదేశ మారక నిబంధనలు ప్రవాసులకు ఇల్లు కొనుటకు అనుమతించును గాని, సాగుభూమిని, తోటను, తోటలోని ఇంటిని కొననీయవు. ఇక సాగుభూమినే ముక్కలుగా కోసి ‘ఫారం ప్లాట్లు’ అని అమ్ముచుందురు. ఆ లేఅవుటుకు అనుమతి యున్నదా, ఇంటికి ప్లాను మంజూరగునా యన్నది బయానా ఇచ్చుటకు ముందే అడుగవలసిన ప్రశ్న.

కాగితములన్నియు సరిపోయినవనుకొందము. డిసెంబరు చలిలో చూచి మురిసిన స్థలమును మే నెలలో మరల చూడవలెను. ఇది వానలు తక్కువైన సీమ. ప్రక్క పొలమున టమాట పండించు రైతును పలుకరించి, బోరు ఎన్ని అడుగులు దింపెనో, వేసవిలో ఎన్ని గంటలు నీరు వచ్చునో అడిగిన, ఏ దస్తావేజును చెప్పని సంగతి ఆయన చెప్పును. క్రొత్త బోరు వేయుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి కావలెను. హంద్రీ-నీవా కాలువ నీరు 2025లో కుప్పము చేరిన మాట నిజమే. కాని కాలువలోని నీరు మన యింటి కుళాయికి వచ్చుట వేరు సంగతి. కుప్పము, పలమనేరు వైపున కౌండిన్య అభయారణ్యపు ఏనుగులు పొలములలోనికి దిగుచుండును. ఏడాదిలో పది నెలలు తాళము వేసియుండు ఇంటికి, అడవి అంచున అందమైన చోటుకంటె ఊరి నడుమ ఇరుకు వీధియే మేలని మేమందుము.

అట్టి యింటికి కాపలా మనిషి తప్పదు. ఆతడు ఏ షరతుపై అందుండునో, ఎంత జీతమో ఒక కాగితము వ్రాసికొనవలెను. ఇంటిపన్ను ఆతని చేతనే కట్టించినను రసీదు యజమాని పేర నుండవలెను. కొన్నవారు ఏటేట ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసి, తమ స్థలముపై తమకు తెలియని దస్తావేజు ఏదియు నమోదు కాలేదని చూచుకొనవలెను. వేసవికి వచ్చినపుడు ఒక పూట దానికి కేటాయించిన చాలును.